టైమెంతని అడిగేముందు ఊరు చెప్పాలి

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు మొదట్లోనే రాసి చూసే చిన్న ప్రోగ్రాముల్లో ఇదొకటి: ఈరోజు తేదీ, ఇప్పటి సమయం తెర మీద చూపించడం. పైథాన్‌లో డేట్‌టైమ్ మాడ్యూల్‌ను తెచ్చుకుని ‘నౌ’ అని పిలిస్తే సరి. జావాస్క్రిప్ట్‌లో ‘న్యూ డేట్’ అంటే సరి. వచ్చిన జవాబును ఫోన్‌తో పోల్చి చూస్తే సెకన్లతో సహా సరిపోతుంది. పాఠం అయిపోయిందనుకుని ముందుకు వెళ్లిపోతారు.

కొన్నాళ్లకు అదే లైను ఓ క్లౌడ్ సర్వర్ మీదికి ఎక్కుతుంది. తెల్లవారుజామున మూడున్నరకు వచ్చిన ఆర్డరు మీద నిన్నటి తేదీ పడుతుంది. ఇంకో ప్రోగ్రాములో ఉదయం 9 గంటల మీటింగు 8:37కి మారి కూర్చుంటుంది. హైదరాబాద్‌లో ఆగస్టు 15 అని నమోదు చేసిన పుట్టినరోజు డాలస్‌లో తెరిస్తే 14 అని కనిపిస్తుంది. ఈ మూడింటికీ మూలం ఒక్కటే. ‘ఇప్పుడు టైమెంత’ అన్న ప్రశ్నలో ‘ఎక్కడ’ అన్నది దాగి ఉంది. దానికి మనం జవాబు చెప్పకపోతే యంత్రం ఆగదు, తనకు తోచిన ఊరు వేసుకుని లెక్క చెప్పేస్తుంది.

యంత్రం దగ్గరున్నది ఒక సంఖ్యే

కంప్యూటర్ లోపల తేదీ, నెల, సంవత్సరం, ఉదయం, సాయంత్రం అంటూ ఏవీ ఉండవు. చాలా వ్యవస్థల్లో ఉండేది ఒక లెక్క: 1970 జనవరి 1, యూటీసీ ప్రకారం అర్ధరాత్రి నుంచి ఇప్పటిదాకా ఎన్ని సెకన్లు గడిచాయి అన్నది. యూటీసీ అంటే ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక సమయం. పాత గ్రీనిచ్ సమయానికి వారసురాలు అనుకోవచ్చు. ఆ అర్ధరాత్రి మన దేశంలో ఉదయం ఐదున్నర.

ఈ లెక్క 170 కోట్లకు చేరిన క్షణాన్ని తీసుకుందాం. యూటీసీలో అది 2023 నవంబరు 14, రాత్రి 10:13:20. అదే క్షణాన న్యూయార్క్‌లో 14వ తేదీ సాయంత్రం 5:13:20. హైదరాబాద్‌లో మాత్రం తేదీ మారిపోయింది. అక్కడ నవంబరు 15, తెల్లవారుజామున 3:43:20. క్షణం ఒక్కటే, సంఖ్య ఒక్కటే. ఏ ఊళ్లో నిలబడి చదివామన్న దాన్నిబట్టి గంటతోపాటు తేదీ కూడా మారుతుంది.

ఈ సంగతి మన పంచాంగాలకు కొత్త కాదు. ఒక తిథి ముగిసే క్షణం భూమి మీద అందరికీ ఒక్కటే. అయినా గడియారంలో ఆ క్షణం ఎంతకు పడుతుందో, సూర్యోదయానికి ఏ తిథి ఉంటుందో ఊరినిబట్టి మారుతుంది. అందుకే అమెరికాలోని తెలుగువాళ్లు తమ ఊరికి గణించిన పంచాంగం చూసుకుంటారు, ఒక్కోసారి పండుగ కూడా ఇక్కడికంటే వేరే తేదీన చేసుకుంటారు. ప్రోగ్రామర్ చేయాల్సిందీ ఇదే: క్షణాన్ని, దాని స్థానిక రూపాన్ని విడదీసి చూడటం.

ఈ సంఖ్య తప్పు చదివితే ఏమవుతుందో కూడా చూద్దాం. యునిక్స్ సంప్రదాయంలో లెక్క సెకన్లలో ఉంటే, జావా, జావాస్క్రిప్ట్‌లలో మిల్లీసెకన్లలో ఉంటుంది. 170 కోట్ల సెకన్లను మిల్లీసెకన్లుగా చదివితే 2023 కాస్తా 1970 జనవరి 20 అయిపోతుంది. తెర మీద హఠాత్తుగా 1970 కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది ఈ వెయ్యి రెట్ల తేడానే. పాత వ్యవస్థలకు ఇంకో హద్దు ఉంది. లెక్కను 32 బిట్లలో దాచుకునే చోట అది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దగ్గర నిండిపోతుంది. మన గడియారం ప్రకారం అది 2038 జనవరి 19 ఉదయం 8:44:07. ఆ తర్వాతి సెకనుకు లెక్క తిరగబడి 1901లోకి వెళ్తుంది. 64 బిట్లకు మారిన వ్యవస్థలకు ఈ బెడద లేదు.

ఇంతకీ ఈ సంఖ్య యంత్రానికి ఎలా తెలుసు? మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీతో నడిచే ఒక గడియారం ఉంటుంది. కరెంటు పోయినా, కంప్యూటర్ ఆపేసినా అది నడుస్తూనే ఉంటుంది. నెట్ అందగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్‌టీపీ అనే పద్ధతిలో టైమ్ సర్వర్లను అడిగి, తన లెక్కను సరిచేసుకుంటుంది. భారత ప్రామాణిక సమయాన్ని అధికారికంగా నిలబెట్టే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. అక్కడి ఆధారం పరమాణు గడియారాలు.

ఈ దశలోనే ఓ తగవు ఉంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, యూటీసీ అని లైనక్స్ అనుకుంటుంది. ఒకే లాప్‌టాప్‌లో రెండూ వేసుకున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇది అనుభవమే. లైనక్స్ వాడి విండోస్‌లోకి రాగానే టైము ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. గడియారం చెడిపోలేదు. అది ఏ ఊరి సమయమో దాని మీద రాసి లేదు, అంతే.

ఐదున్నర గంటలు ఎక్కడివి

యూటీసీ సంఖ్యను స్థానిక సమయంగా మార్చాలంటే ఎన్ని గంటలు కలపాలో, తీయాలో తెలియాలి. మనకైతే ఐదున్నర కలపాలి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. 82.5ను నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా వెళ్లే ఆ రేఖ ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు దగ్గర్లో తీరాన్ని తాకుతుంది.

మరి ప్రోగ్రాములో ‘5:30 కలుపు’ అని నేరుగా రాసేస్తే పోదా? ఒక్క భారతదేశానికి, ఈనాటి తేదీలకు మాత్రమే అయితే పని జరుగుతుంది. కానీ ఈ దేశంలోనూ అది ఎప్పుడూ ఐదున్నర కాదు. 1906 జనవరి 1న ప్రామాణిక సమయం రాకముందు రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి, అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశం గడియారాలను మరో గంట ముందుకు జరిపింది. అప్పుడు తేడా ఆరున్నర గంటలు. పొరుగున నేపాల్ అయితే 5:45 పాటిస్తుంది. పసిఫిక్‌లోని సమోవా 2011లో అంతర్జాతీయ దినరేఖకు ఇవతలి వైపుకు మారడానికి డిసెంబరు 30వ తేదీనే ఎగరగొట్టింది. ఆ దేశంలో ఆ రోజు లేదు.

అంటే సమయ మండలం అంటే ఒక అంకె కాదు, ఒక ప్రాంతం గడియారం నడిచిన చరిత్ర అంతా. ఆ చరిత్రను 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ పోగుచేయడం మొదలుపెట్టాడు. తర్వాత పాల్ ఎగర్ట్ దాన్ని చూసుకుంటూ వచ్చాడు. 2011 నుంచి దాని నిర్వహణ ఇంటర్నెట్ చిరునామాలను, పేర్లను సమన్వయం చేసే ఐయానా గొడుగు కిందికి వచ్చింది. ఏదో ఒక దేశ ప్రభుత్వం గడియారం నిబంధన మార్చినప్పుడల్లా ఈ పట్టికకు కొత్త విడుదల వస్తుంది. మన ఫోన్లు, సర్వర్లు, ప్రోగ్రామింగ్ భాషలు చాలావరకు దీన్నే నమ్ముకుని నడుస్తాయి.

ఈ పట్టికలో మన దేశం పేరు ‘ఏషియా/కోల్‌కతా’. ఢిల్లీ కాదు, ముంబయి కాదు, హైదరాబాద్ అసలే కాదు. దేశాల పేర్లు, సరిహద్దులు మారతాయి కాబట్టి ఒక్కో మండలానికి అందులోని పెద్ద నగరం పేరు పెట్టే పద్ధతి వచ్చింది. పాత పేరు ‘ఏషియా/కలకత్తా’ ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తుంది. రెండూ ఒకటే. ‘ఐఎస్‌టీ’ అనే మూడక్షరాలను మాత్రం ప్రోగ్రాముకు ఇవ్వకపోవడం మంచిది, ఎందుకంటే అవే మూడక్షరాలు ఇజ్రాయెల్‌కూ, ఐర్లాండ్‌కూ చెల్లుతాయి.

మొదట్లో చెప్పిన 8:37 మీటింగు గుట్టు కూడా ఈ పట్టికలోనే ఉంది. పైథాన్‌లో చాలాకాలం పైట్‌జెడ్ అనే లైబ్రరీ వాడారు. అందులో కోల్‌కతా మండలాన్ని తీసుకుని, తేదీ తయారుచేసేటప్పుడే నేరుగా అతికిస్తే, ఆ లైబ్రరీ పట్టికలో మొట్టమొదటి వరసను అందుకుంటుంది. అది 19వ శతాబ్దపు కలకత్తా స్థానిక సమయం, గ్రీనిచ్ కంటే 5 గంటల 53 నిమిషాలు ముందు. అసలు తేడా 5:30 కాబట్టి 23 నిమిషాలు పక్కకు పోతాయి. ఉదయం 9 అని రాస్తే ఇప్పటి గడియారంలో 8:37 అవుతుంది. ఆ లైబ్రరీలో ‘లోకలైజ్’ అనే పిలుపుతో మండలాన్ని జతచేస్తేనే తేదీకి తగిన వరస దొరుకుతుంది. లాగ్‌లలో ‘+05:53’ కనబడితే కారణం వెతకడానికి ఇక రాత్రంతా కూర్చోనక్కర్లేదు.

ఏ భాషలో ఎలా అడగాలి

కోడ్‌లో ఈ పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను.

పైథాన్‌లో డేట్‌టైమ్ డాట్ నౌ, కుండలీకరణాల్లో ఏమీ లేకుండా పిలిస్తే యంత్రం సెట్టింగ్‌లో ఉన్న ఊరి సమయం ఇస్తుంది. కానీ ఆ జవాబులో ఊరి పేరు ఉండదు. పైథాన్ వాళ్లు దీన్ని ‘నైవ్’ అంటారు. మీ లాప్‌టాప్‌లో అది భారత సమయం. క్లౌడ్ సర్వర్లు, కంటెయినర్లు సాధారణంగా యూటీసీలో పెట్టి ఉంటాయి కాబట్టి అక్కడ అది యూటీసీ. కోడ్ మారలేదు, జవాబు మారింది. ఊరు చెప్పి అడగడానికి 2020లో వచ్చిన 3.9 వెర్షన్ నుంచి జోన్‌ఇన్ఫో అనే మాడ్యూల్ భాషలోనే ఉంది. నౌ పక్కన కుండలీకరణాల్లో జోన్‌ఇన్ఫో, దానికి ‘ఏషియా/కోల్‌కతా’ అని ఇస్తే ప్రపంచంలో ఎక్కడి సర్వర్ అయినా మన సమయమే చెబుతుంది, ఆ జవాబు వెంట ‘+05:30’ కూడా వస్తుంది. విండోస్‌లో ఆ పట్టిక సిద్ధంగా ఉండదు కాబట్టి పిప్‌తో టీజెడ్‌డేటా ప్యాకేజీ వేసుకోవాలి. పాత పాఠాల్లో కనిపించే ‘యూటీసీనౌ’ను ఇక మానేయాలి. అది యూటీసీ సమయం ఇస్తూనే, అది యూటీసీ అన్న గుర్తు మాత్రం పెట్టదు. అందుకే 3.12 వెర్షన్ నుంచి దాన్ని వాడవద్దని పైథానే హెచ్చరిస్తోంది.

జావాలో 2014లో వచ్చిన 8వ వెర్షన్ ఈ చిక్కును చక్కగా విడదీసింది. క్షణానికి ‘ఇన్‌స్టంట్’, ఊరు లేని గోడ గడియారానికి ‘లోకల్‌డేట్‌టైమ్’, ఊరితో కూడిన సమయానికి ‘జోన్డ్‌డేట్‌టైమ్’. పేరులో ‘లోకల్’ ఉంది కదా అని రెండోదాన్ని వాడితే, అది ఏ ఊరి స్థానిక సమయమో దానికే తెలియదు.

సీ భాషలో ‘టైమ్’ సంఖ్య ఇస్తుంది, ‘లోకల్‌టైమ్’ దాన్ని తేదీగా విడగొడుతుంది. అందులో సంవత్సరం 1900 నుంచి లెక్క, నెలలు సున్నా నుంచి లెక్క. 2024 అంటే 124, జనవరి అంటే 0. నెలల సున్నా అలవాటు జావా తొలి వెర్షన్లకూ, అక్కడి నుంచి జావాస్క్రిప్ట్‌కూ సంక్రమించింది. అందుకే జావాస్క్రిప్ట్‌లో ఆగస్టు అంటే 7.

తేదీని అందంగా ముద్రించే చోట కూడా అక్షరం చూసుకోవాలి. జావాలో పెద్ద ‘ఎమ్’ నెల, చిన్న ‘ఎమ్’ నిమిషం. చిన్న ‘వై’ మామూలు సంవత్సరం, పెద్ద ‘వై’ వారాలనుబట్టి లెక్కించే సంవత్సరం. పెద్ద ‘వై’ వాడితే ఏడాది పొడవునా సవ్యంగా కనిపించి, 2024 డిసెంబరు 30న 2025 అని ముద్రిస్తుంది.

భారతీయ ప్రోగ్రామర్లకు తెలిసిన 18:30

జావాస్క్రిప్ట్‌కు ఇంకొంచెం చోటివ్వాలి, ఎందుకంటే తేదీ ఎంచుకునే ఫారాలన్నీ బ్రౌజర్లలోనే ఉంటాయి. వాడుకరి ఆగస్టు 15 నొక్కుతాడు. బ్రౌజర్ దాన్ని ఇక్కడి అర్ధరాత్రిగా తీసుకుంటుంది. సర్వర్‌కు పంపేముందు ప్రోగ్రామర్ ‘టూ ఐఎస్ఓ స్ట్రింగ్’ అని పిలుస్తాడు. అది ఎప్పుడూ యూటీసీలోనే రాస్తుంది. ఇక్కడి అర్ధరాత్రిలోంచి ఐదున్నర తీసేస్తే ఆగస్టు 14, 18:30. డేటాబేస్‌లో తేదీలన్నిటి పక్కనా 18:30 బారులు తీరి ఉంటే, ఎక్కడో ఈ మార్పిడి జరిగిందని అర్థం. ఆ స్ట్రింగ్‌లో మొదటి పది అక్షరాలే కత్తిరించి దాచుకున్నారా, తేదీ శాశ్వతంగా ఒకరోజు వెనక్కి పోయినట్టే.

ఇదే పద్ధతిలో ‘ఈరోజు తేదీ’ తీసేవాళ్లూ ఉన్నారు. పగలంతా అది సరిగ్గానే ఉంటుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా నిన్నటి తేదీ చూపిస్తుంది. ఆఫీసు వేళల్లో పరీక్షించేవాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. రాత్రి ఒంటిగంటకు టికెట్ కొనేవాళ్లకు, తెల్లవారుజామున పాల లెక్క రాసేవాళ్లకు రోజూ దొరుకుతుంది.

దీనికి తిరగబడ్డ రూపమే డాలస్ పుట్టినరోజు. ‘2024-08-15’ అని తేదీ ఒక్కటే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. గంట కూడా జోడించి, మండలం చెప్పకుండా ఇస్తే మాత్రం స్థానిక సమయంగా చదువుతుంది. మొదటి పద్ధతిలో వచ్చిన క్షణం మనకు ఆగస్టు 15 ఉదయం ఐదున్నర కాబట్టి ఇక్కడ తేదీ సరిగ్గానే కనబడుతుంది. డాలస్‌లో అది 14వ తేదీ సాయంత్రం 7 గంటలు. గ్రీనిచ్‌కు తూర్పున రాసి, తూర్పున పరీక్షించిన ప్రోగ్రాము పడమట బయటపెట్టే లోపం ఇది.

ఏడాదికి రెండుసార్లు జరిగే గడియారం

మన దేశంలో వేసవి, చలికాలం ఒకటే సమయం. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతాయి. హైదరాబాద్‌లో రాత్రి 9 అయితే డాలస్‌లో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30. అక్కడి పిల్లలతో ఫోన్లో మాట్లాడే అమ్మానాన్నలందరికీ ఇది తెలిసిందే. ప్రోగ్రాములకు ఇది ఇంకా ఇబ్బందికరం. 2024 మార్చి 10న డాలస్‌లో రాత్రి 2:30 అనే సమయమే లేదు, 1:59 తర్వాత 3 గంటలు కొట్టింది. నవంబరు 3న రాత్రి 1:30 రెండుసార్లు వచ్చింది. ఆ రాత్రి ‘1:30కి జరిగింది’ అని లాగ్‌లో రాస్తే మొదటిదా, రెండోదా అని తేల్చలేం.

అందుకే ఒక పనికి ఎంతసేపు పట్టిందో కొలవడానికి స్థానిక సమయాన్ని వాడకూడదు. ఆ రాత్రి మొదలైన పని, మొదలుకాకముందే ముగిసినట్టు కనబడవచ్చు. వ్యవధి కొలవడానికి పైథాన్‌లో ‘మోనోటానిక్’, జావాలో ‘నానోటైమ్’ వంటి, ఎప్పుడూ వెనక్కి నడవని గడియారాలు వేరే ఉన్నాయి.

దాచుకునేది ఏది

‘అన్నీ యూటీసీలో దాచు, చూపించేటప్పుడు స్థానికంగా మార్చు’ అని అనుభవజ్ఞులు చెబుతారు. జరిగిపోయిన సంగతులకు ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. చెల్లింపు ఎప్పుడు జరిగింది, ఓటీపీ ఎప్పుడు పంపారు, ఫొటో ఎప్పుడు ఎక్కించారు: ఇవన్నీ క్షణాలు. యూటీసీలో దాచుకుంటే ఎవరి ఊరి గడియారంలోనైనా చూపించవచ్చు.

జరగబోయేవాటికి అది చాలదు. వచ్చే ఏడాది డాలస్‌లో ఉదయం 10కి పెట్టిన కార్యక్రమాన్ని ఇప్పుడే యూటీసీలోకి మార్చి దాచారనుకోండి. ఈలోగా అక్కడి ప్రభుత్వం గడియారం జరిపే నిబంధన మారిస్తే కార్యక్రమం 9కో, 11కో పోతుంది. జనం మాత్రం 10కే వస్తారు. అలాంటిచోట స్థానిక సమయం, దాని పక్కన ‘అమెరికా/షికాగో’ అన్న మండలం పేరు, రెండూ దాచుకోవాలి. డాలస్ ఆ మండలంలోనిదే.

పుట్టినరోజు, గడువు తేదీ, సెలవు రోజు మూడో రకం. వాటికి గంటా లేదు, మండలమూ లేదు. కేవలం తేదీగానే దాచాలి. డేటాబేస్‌లో ‘డేట్’ రకం, జావాలో ‘లోకల్‌డేట్’ ఉన్నది ఇందుకే. తేదీని బలవంతంగా క్షణంగా మార్చినందువల్లే 18:30 చిక్కు, డాలస్ చిక్కు పుట్టాయి.

కొత్తగా ప్రోగ్రాము రాసేవాళ్లు మీ కోడ్‌లో ‘నౌ’ ఎక్కడెక్కడ ఉందో ఒకసారి వెతకండి. దొరికిన ప్రతిచోటా అది ఎవరి సమయమో తేల్చుకోండి. సర్వర్‌దా, వాడుకరిదా, దుకాణం ఉన్న ఊరిదా? జీఎస్టీ బిల్లు మీద తేదీ భారతదేశానిది కావాలి, వాడుకరి డాలస్ నుంచి కొన్నా సరే. విమానం బయల్దేరే సమయం ఆ విమానాశ్రయానిది కావాలి, ఫోన్ ఎక్కడున్నా సరే. ఏ ఊరో తేలాక ఆ పేరు కోడ్‌లోనే రాయండి, యంత్రం సెట్టింగ్‌కు వదలకండి. తర్వాత గడియారాన్ని మూడుచోట్ల నిలిపి పరీక్షించండి: మన అర్ధరాత్రి దాటాక 12:30కి, 2024 డిసెంబరు 30న, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం రాత్రి 1:30కి. ఈ మూడింటిలోనూ తేదీ నిలబడితే ఆ ప్రోగ్రామును నిశ్చింతగా సర్వర్ ఎక్కించవచ్చు.